పాత కారు.. పత్రాలు చూశాకే బేరం

తలుపుల: బెంగళూరులో కొలువులు చేసే పల్లె యువత చూపు వేగంగా దూసుకెళ్లే చిన్న కార్లపై పడుతోంది. కొత్తది కొనే స్తోమత లేనివారు పాతదానితో సరిపెట్టుకుంటున్నారు. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ అలాంటిదే. 2013లో వచ్చిన ఈ కారులో 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిను, రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉంటాయి. దేశంలో పోలో తయారీ 2022లో నిలిచిపోయింది.

బేరానికి ముందు ఇంజిను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి చూడాలి. నెమ్మదిగా నడిపేటప్పుడు కుదుపులు వస్తే గేర్‌బాక్సును అనుమానించాలి. దాని మరమ్మతు ఖర్చు భారీగా ఉంటుంది.

కర్ణాటక నంబరు కారైతే అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తప్పనిసరి. రుణం తీరినట్లు ఫారం 35, చలానాల బకాయి కూడా చూసుకోవాలి. కొన్న 30 రోజుల్లోగా యాజమాన్య బదిలీకి దరఖాస్తు చేయాలి. బీమానూ తన పేరున మార్పించుకోవాలి. కారు 12 నెలలకు మించి ఇక్కడే ఉంటే మన రాష్ట్ర నంబరు తీసుకోవాలి. జీవిత పన్ను ఇక్కడ మళ్లీ కట్టాలి.

ఈ ఖర్చులన్నీ ధరకు కలిపి లెక్కవేశాకే అడ్వాన్సు ఇవ్వాలి. మొత్తం కొత్త చిన్న కారు ధరకు చేరువైతే ఆ బేరం వదులుకోవడమే మేలు.