దేశదేశాల క్రిస్మస్

డిసెంబరు నెలలో బజారుకు పోతే క్రిస్మస్ బొమ్మలు కనిపిస్తాయి. తెల్లటి మంచు. మంచు మీద బండి. ఆ బండిని దుప్పులు లాగుతుంటాయి. బండిలో ఎర్ర అంగీ, తెల్ల గడ్డం ఉన్న తాత.

మరి ఎండలు కాసే దేశాల్లో క్రిస్మస్ లేదా? మంచు ముఖం చూడనివాళ్లు ఈ పండుగ ఎట్లా చేస్తారు?

ఆ బొమ్మ చలి దేశాలది. ఐరోపా ఖండం నుంచి, అమెరికా నుంచి మనదాకా వచ్చింది. అక్కడ డిసెంబరులో చెట్ల ఆకులు రాలిపోతాయి. కొన్ని రకాల చెట్లు మాత్రం పచ్చగా ఉంటాయి. జర్మనీ వాళ్లు ఆ పచ్చని చెట్టును ఇంట్లో పెట్టి అలంకరించారు. ఆ అలవాటు తర్వాత చాలా దేశాలకు పాకింది. ఆ చెట్టు దొరకనివాళ్లు దొరికిన చెట్టునే పెట్టుకున్నారు. మనవాళ్లలో సరుగుడు కొమ్మ తెచ్చి అలంకరించేవాళ్లున్నారు కదా!

ఏసు పుట్టిన ఊరు బెత్లెహేము. ఇది పాలస్తీనాలో ఉంది. ఆలివ్ తోటలు, గొర్రెల మందలు ఉన్న ప్రాంతం అది. అక్కడ మంచు ఎప్పుడో ఒకసారి తప్ప పడదు.

ఒక ఊరు, మూడు తేదీలు

బెత్లెహేములో ఏసు పుట్టాడని నమ్మే చోట పాత చర్చి ఉంది. దాని వాకిలి చాలా చిన్నది. పెద్దవాళ్లు వంగి లోపలికి పోవాలి. ఆ ఒక్క చర్చిలో మూడు శాఖల క్రైస్తవులు ఆరాధన చేస్తారు. క్యాథలిక్కులకు పండుగ డిసెంబరు 25న. గ్రీకు శాఖ వాళ్లకు జనవరి 7న. ఆర్మీనియా శాఖ వాళ్లకు జనవరి 19న!

ఇదేమిటి, ఒక మనిషికి మూడు పుట్టినరోజులా అని అడుగుతారేమో. ఏసు పుట్టిన తేదీ బైబిలులో లేదు. తేదీని తర్వాతివాళ్లు నిర్ణయించుకున్నారు. ఆపైన కేలండరు పేచీ ఒకటి వచ్చింది.

భూమి సూర్యుని చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి 365 రోజుల మీద సుమారు 5 గంటల 49 నిమిషాలు పడుతుంది. పాతకాలపు రోమ్ కేలండరు దాన్ని 6 గంటలుగా లెక్క కట్టింది. ఏడాదికి తేడా 11 నిమిషాలు. అంటే మనం టీ తాగేంత సేపు. కాని వందల ఏళ్లు గడిస్తే ఆ నిమిషాలే రోజులవుతాయి. 1582లో పోపు గ్రెగరీ ఈ లెక్క సరిచేయించారు. ఆ ఏడు అక్టోబరు 4 మరునాడు 15వ తేదీ అయింది. మధ్యలో 10 రోజులు ఎగిరిపోయాయి. కొన్ని శాఖలవాళ్లు ఈ మార్పును ఒప్పుకోలేదు. ఇప్పుడు రెండు లెక్కలకు తేడా 13 రోజులకు చేరింది. పాత లెక్కలో డిసెంబరు 25 అయిన రోజు, మన గోడ మీది కేలండరులో జనవరి 7 అవుతుంది. మన ఉగాది ఒక రోజు, తమిళుల సంవత్సరాది ఇంకో రోజు వస్తాయి కదా. ఇదీ అటువంటిదే.

రష్యాలో ఇప్పటికీ జనవరి 7నే పండుగ. సోవియట్ ప్రభుత్వ కాలంలో అక్కడ క్రిస్మస్ సెలవు తీసేశారు. అలంకరించిన చెట్టు కూడా వద్దన్నారు. 1935 చివరలో చెట్టును మళ్లీ పెట్టుకోనిచ్చారు, కాని కొత్త సంవత్సరం చెట్టుగా! క్రిస్మస్ సెలవు 1991లో గాని తిరిగి రాలేదు. పక్కనున్న ఉక్రెయిన్‌లో కూడా జనవరి 7నే సెలవు ప్రధానంగా ఉండేది. 2022లో రష్యా ఆ దేశం మీద పెద్ద యుద్ధానికి దిగింది. 2023లో ఉక్రెయిన్ చట్టం చేసి ఆ సెలవును డిసెంబరు 25కు మార్చుకుంది. పండుగ తేదీకి కూడా యుద్ధం తగిలింది.

బెత్లెహేముకూ యుద్ధం తగిలింది. గాజా యుద్ధం వల్ల 2023లో, 2024లో ఆ ఊళ్లో వీధి దీపాల అలంకరణ, సంబరాలు మానేశారు. ఆరాధన మాత్రం జరిగింది. 2023లో ఒక చర్చిలో బాల ఏసు బొమ్మను పశువుల తొట్టిలో పెట్టలేదు. కూలిన ఇంటి రాళ్లలాంటి రాళ్లు కుప్పపోసి, వాటి మధ్య పడుకోబెట్టారు.

ఇథియోపియా

ఇది ఆఫ్రికా ఖండంలోని దేశం. అక్కడి కేలండరే వేరు. ఏడాదికి 13 నెలలు! పన్నెండు నెలలకు 30 రోజుల చొప్పున, చివరి నెలకు 5 లేక 6 రోజులు. మనకు 2000 సంవత్సరం ఎప్పుడో వచ్చింది. వాళ్లకు అది 2007 సెప్టెంబరులో వచ్చింది.

అక్కడ జనవరి 7న వచ్చే క్రిస్మస్‌ను గెన్నా అంటారు. అంతకుముందు 43 రోజులు ఉపవాస దీక్ష పడతారు. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. లాలిబెలా అనే ఊరికి తెల్ల బట్టలు కట్టుకుని వేలమంది యాత్రకు వస్తారు. అక్కడ 11 చర్చిలున్నాయి. ఇటుక పేర్చి కట్టినవి కావు. మన ఎల్లోరా గుడిలాగా కొండ రాతిని తొలిచి చేసినవి.

దీక్ష విడిచాక విందు. వాళ్ల విందు గురించి చెబితే మీకు మన వంటిల్లే గుర్తుకొస్తుంది. టెఫ్ అనే గింజ ఉంది. ఆవగింజ కన్నా చిన్నది. దాని పిండి కలిపి రెండు మూడు రోజులు పులియబెడతారు. పెద్ద పెనం మీద అట్టు పోస్తారు. ఆ అట్టు మీద కారంగా వండిన కోడికూర, ఉడికించిన గుడ్లు వేస్తారు. ఇంటిల్లిపాదీ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని చేత్తో తింటారు.

ఖాళీ పళ్లెం

పోలండు చలి దేశం. అక్కడ డిసెంబరు 24 రాత్రి భోజనమే ముఖ్యం. ఆకాశంలో మొదటి చుక్క పొడిచేదాకా ఎవరూ తినరు. చుక్క ఎక్కడుందో చూసి చెప్పడం పిల్లల పని. బల్లమీద పరిచే గుడ్డ కింద కాస్త ఎండుగడ్డి పెడతారు. ఏసు పశువుల పాకలో పుట్టాడని గుర్తు. పల్చటి రొట్టెను ఒకరి చేతిలోది ఒకరు తుంచుకు తింటారు. ఆ రాత్రి మాంసం ఉండదు, చేప ఉంటుంది.

బల్ల దగ్గర ఒక పళ్లెం ఎక్కువ పెడతారు. దాని ముందు ఎవరూ కూర్చోరు. దారి తప్పి ఎవరైనా తలుపు తడితే వాళ్లకు ఆ చోటు. ఆ ఏడు చనిపోయినవాళ్లను, దూరాన ఉన్నవాళ్లను తలుచుకునే చోటు కూడా అదే అంటారు. నాకు ఈ ఆచారం అన్నిటికంటే నచ్చింది.

సెప్టెంబరులోనే మొదలు

ఆస్ట్రేలియాలో డిసెంబరు ఎండాకాలం. సముద్రం ఒడ్డున పండుగ చేసుకుంటారు. జపానులో క్రైస్తవులు చాలా తక్కువ. అయినా ఆ రోజుల్లో వేయించిన కోడి కోసం జనం హోటళ్ల ముందు వరస కడతారు. 1974లో ఒక అమెరికా హోటళ్ల కంపెనీ చేసిన ప్రచారం వల్ల వచ్చిన అలవాటిది. వ్యాపారులు తలుచుకుంటే ఆచారాలు కూడా పుట్టించగలరు!

ఇక ఫిలిప్పీన్స్. ఇది మనకు తూర్పున, సముద్రం మధ్య వేల దీవులున్న దేశం. మనలాగే వరి పండిస్తారు, అన్నం తింటారు. అక్కడ సెప్టెంబరు నుంచే క్రిస్మస్ పాటలు వినిపిస్తాయి. డిసెంబరు 16 నుంచి 24 వరకు తొమ్మిది రోజులు కోడికూతకు ముందే లేచి చర్చికి పోతారు. రైతులు పొద్దెక్కేలోపు పొలానికి పోవాలి కదా, అందుకని అంత పెందలాడే పూజ పెట్టారు. బయట వేడివేడి బియ్యప్పిండి రొట్టెలు అమ్ముతారు. పిండిలో కొబ్బరిపాలు పోసి, అరిటాకులో పెట్టి, కిందా పైనా నిప్పులు వేసి కాలుస్తారు. ఇళ్లకు నక్షత్ర దీపాలు కడతారు. పాతపద్ధతిలో అయితే వెదురు బద్దలకు కాగితం అంటించి చేస్తారు. మన ఊళ్లలో క్రైస్తవుల ఇళ్ల ముందు కట్టే చుక్కలాగే ఉంటుంది.

పండుగకు డబ్బు కావాలి. అక్కడ 1975లో ఒక చట్టం వచ్చింది. జీతగాళ్లకు యజమాని ఏడాదికి 13వ నెల జీతం కూడా ఇవ్వాలి. అది డిసెంబరు 24లోగా చేతికందాలి. ఇళ్లలో పనిచేసేవాళ్లకు కూడా 2013లో వచ్చిన చట్టం ఈ హక్కు ఇచ్చింది.

అయినా అందరికీ ఇంటి దగ్గర పని దొరకదు. ఆ దేశంవాళ్లు లక్షలమంది పరాయి దేశాల్లో ఉన్నారు. నర్సులు, ఇంటి పనివాళ్లు, ఓడ కార్మికులు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి దుబాయి, కువైట్ వెళ్లినవాళ్లను అడగండి. ఫిలిప్పీన్స్ వాళ్ల పక్కన పని చేసినవాళ్లు దొరుకుతారు.

వాళ్లు ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చుకుని నెలల తరబడి నింపుతారు. సబ్బులు, చెప్పులు, చొక్కాలు, డబ్బాల్లో మాంసం, చాక్లెట్లు. ఇది అమ్మకు, ఇది చెల్లెలికి అని పేర్లు రాసి పెట్టేవాళ్లుంటారు. పెట్టె ఓడమీద పోతుంది. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. క్రిస్మస్‌కు ఇల్లు చేరాలంటే సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పంపాలి. పంపిన మనిషికి సెలవు దొరికితే వెనకాలే విమానంలో వస్తుంది. దొరక్కపోతే ఇంటివాళ్లు ఫోనులో ఆమె ముఖం చూస్తూ పెట్టె విప్పుతారు.