రెండుమార్లు లభించిన ఉల్కాశిల

రాత్రివేళ ఆకాశంలో వెలుగురేఖ గీచి మాయమయ్యే ఉల్కను చూచి ‘చుక్క రాలింది’ అంటాము. మన కావ్యాలలో ఉల్కాపాతం దుర్నిమిత్తం. మహాయుద్ధాలకు ముందు, రాజుల పతనానికి ముందు కవులు దానిని తప్పక వర్ణించారు. క్రీ.శ. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఉల్కలకు ఒక అధ్యాయాన్నే కేటాయించి, వాటిని ఐదు విధాలుగా విభజించాడు. స్వర్గంలో పుణ్యఫలాన్ని అనుభవించి తిరిగి జారిపడే జీవుల రూపాలే ఉల్కలని ఆయన చెప్పాడు. భావన రమణీయమైనదే. అయితే ఆ వెలుగు ఆరిన తరువాత నేలపై మిగిలే రాయి సంగతి మన కవులకు అంతగా పట్టలేదు. దానిని పట్టించుకున్నది విజ్ఞానశాస్త్రం. 1870 జనవరి 23న పార్వతీపురం సమీపంలోని నెడగొల్లలో ఒక ఇనుప ఉల్క పడింది. పడుతుండగా మనుషులు చూచిన ఇనుప ఉల్కలు ప్రపంచం మొత్తం మీద బహు స్వల్పం కనుక, ఆ పల్లె పేరు నేటికీ శాస్త్రగ్రంథాలలో నిలిచి ఉన్నది.

ఒక రాయి విలువ, దానిని గుర్తించిన మనిషి చూపును బట్టి ఏర్పడుతుంది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రపు ఉల్కాశిల కథ ఇందుకు చక్కని ఉదాహరణ.

కాన్సస్ నల్లరేగడి వంటి మెత్తని నేలలు గల మైదాన ప్రాంతం. అక్కడి హావిలాండ్ గ్రామ పరిసరాలలో నాగలి కర్రుకు అప్పుడప్పుడు బరువైన నల్లరాళ్లు తగిలేవి. చుట్టుపక్కల ఎక్కడా రాయి కనిపించని నేలలో అవి ఎలా వచ్చాయని ఎవరూ ఆలోచించలేదు. గడ్డివాములు గాలికి ఎగరకుండా బరువు పెట్టుకోవడానికి మాత్రం అవి చక్కగా పనికివచ్చేవి. 1885లో అక్కడ కాపురం పెట్టిన ఎలైజా కింబర్లీ అనే రైతు ఇల్లాలు, బాల్యంలో ఒక ఉల్కాశిలను చూచి ఉండడం వల్ల, వీటిని పోల్చుకున్నది. పొలంలో దొరికిన ప్రతి రాయినీ ఇంటివద్ద కుప్ప వేసింది. భర్త విసుగుకున్నాడు, ఇరుగుపొరుగు నవ్వారు. ఆమె మాత్రం పట్టు విడువక, పండితులకు ఐదేండ్లపాటు లేఖలు వ్రాసింది. చివరకు 1890లో వాష్‌బర్న్ కళాశాల ఆచార్యుడు ఫ్రాన్సిస్ క్రాగిన్ వచ్చి చూచి, అవి ఉల్కాశిలలేనని నిర్ధారించి, కొన్నింటిని కొనుగోలు చేశాడు. ఆ తరువాత నవ్వినవారు ఏమన్నారో చరిత్ర చెప్పదు.

ఈ శిలలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు బ్రెన్‌హామ్. ఇవి పల్లసైట్ అనే అరుదైన తెగకు చెందినవి. దొరికే ఉల్కాశిలలలో నూటికి ఒకటి కూడా ఈ తెగకు చెందదు. ఇనుము, నికెల్ కలసిన లోహంలో పసుపుపచ్చని ఆలివిన్ స్ఫటికాలు పొదిగి ఉంటాయి. పలుచని పలకగా కోసి, మెరుగుపెట్టి వెలుతురుకు ఎదురుగా నిలిపితే, రంగుటద్దాల కిటికీలాగా కాంతి అందులోనుండి ప్రసరిస్తుంది.

1949లో స్టాక్‌వెల్ అనే అన్వేషకుడు లోహశోధక యంత్రంతో ఈ పొలాలను గాలించి, సుమారు వెయ్యి పౌండ్ల, అంటే 450 కిలోల, రాయిని నేలలోనుండి వెలికితీశాడు. ఆ రాయి సమీపంలోని గ్రీన్స్‌బర్గ్ పట్టణానికి చేరింది. 1887–88లో పలుగూ పారలతో 109 అడుగుల లోతున త్రవ్విన బావి ఆ ఊరికి ప్రసిద్ధి తెచ్చింది. దాని చెంతనే ఉన్న మ్యూజియంలో ఉల్కాశిలను ప్రదర్శించారు. పదునాలుగు వందల జనాభా గల చిన్న ఊరికి దూరప్రాంతాల యాత్రికులు వచ్చేది ఈ రెండింటిని చూడడానికే.

2007 మే 4వ తేదీ రాత్రి తొమ్మిదిముక్కాలు ప్రాంతంలో ఆ ఊరిని టోర్నడో తాకింది. మన తీరానికి వచ్చే తుఫాను వందల కిలోమీటర్ల మేర రోజుల తరబడి వీస్తుంది. టోర్నడో మేఘం నుండి నేలకు దిగే సుడిగాలి. దాని మార్గం ఇరుకు, విధ్వంసం మాత్రం తీవ్రం. గ్రీన్స్‌బర్గ్‌కు వచ్చిన దాని వెడల్పే రెండున్నర కిలోమీటర్లకు పైబడింది, అంటే కోరుట్ల వంటి పట్టణాన్ని ఒక్క ఊపులో కప్పివేసేంత. గాలి గంటకు 330 కిలోమీటర్ల వేగంతో వీచిందని అంచనా. ఊరిలో నూటికి తొంభై ఐదు పాళ్లు నేలమట్టమైంది. ముందుగా సైరన్లు మ్రోగడం వల్ల చాలామంది ఇళ్ల నేలమాళిగలలో తలదాచుకొని బ్రతికారు. అయినప్పటికీ పదిమందికి పైగా మరణించారు.

మ్యూజియం కూడా కూలిపోయింది. ఉల్కాశిల కనిపించలేదు. గాలి ఎత్తుకుపోయిందేమోనని, ఎవరైనా అపహరించారేమోనని సందేహాలు పుట్టాయి. 450 కిలోలంటే ఆరు వడ్లబస్తాల బరువు. కాని ఆ రాయి ఆక్రమించే చోటు, ఆరేడు బిందెల నీరు పట్టేటంత మాత్రమే. అంత బరువు అంత తక్కువ చోటులో ఇమిడినప్పుడు గాలికి దానిపై పట్టు దొరకదు. పైకప్పూ గోడలూ ఎగిరినా, విరిగినా రాయి ఉన్నచోటనే ఉండి, వాటికింద మరుగునపడడమే సహజం. జరిగింది అదే. కొద్దిరోజులకు శిథిలాలు తొలగిస్తుండగా అది వాటికింద బయటపడింది.

మనుషులు మరణించిన చోట రాయికోసం వెదకడం న్యాయమా అని ఎవరికైనా అనిపించవచ్చు. అది అడగదగిన ప్రశ్నే. ముందుగా క్షతగాత్రులను, శిథిలాలలో చిక్కుకున్నవారిని వెదకాలి. ఇందులో రెండవ మాటకు తావులేదు. అయితే రాయి విషయంలోనూ అలసత్వం పనికిరాదు. యంత్రాలతో శిథిలాలను ఎత్తి దూరంగా పారబోసేటప్పుడు, ఎరుగనివారి కంటికి అది మరొక నల్లబండ మాత్రమే. మరొక చిక్కు తుప్పు. ఇనుము గల ఉల్కాశిల తడిసినచో లోలోపలనుండి తుప్పుపట్టి, పొరలుపొరలుగా రాలిపోతుంది. హావిలాండ్ నేలలో అనేక శిలలు అలా మట్టిగా మారినవే. 2021 సెప్టెంబరులో వాననీరు సిరిసిల్ల వీధులను ముంచెత్తింది. తడిసిన ఇనుము ఎంత త్వరగా చెడుతుందో మరమగ్గాల నడుమ జీవించేవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

2018 సెప్టెంబరు 2న బ్రెజిల్ జాతీయ మ్యూజియం అగ్నికి ఆహుతైనప్పుడు, ఐదు టన్నులకు పైబడిన బెండెగో ఉల్కాశిల మంటలలో చెక్కుచెదరక నిలిచింది. కాని అదే భవనంలోని కాగితాలు, నేసిన వస్త్రాలు, ఎండబెట్టిన కీటకాలు భస్మమయ్యాయి. తాళపత్రాల మధ్య కాలం గడిపిన నావంటివానికి ఈ తారతమ్యం మరింతగా తోస్తుంది. రాయి శిథిలాలలో దొరుకుతుంది. దానితోపాటు అది ఏ పొలంలో, ఏ సంవత్సరంలో, ఎవరికి దొరికిందో తెలిపే వ్రాతలు పోతే, మిగిలేది పేరులేని బండ. అందువల్లనే మ్యూజియంవారు వివరాలకు ప్రతులు తీసి వేరొకచోట భద్రపరచుకుంటారు.

గ్రీన్స్‌బర్గ్ ప్రజలు తమ ఊరిని పర్యావరణానికి హాని చేయని కట్టడాలతో, గాలిమరల విద్యుత్తుతో పునర్నిర్మించుకున్నారు. 2012లో బావి చుట్టూ కొత్త మ్యూజియం తెరచారు. సందర్శకులు మెట్లమీదుగా పాతబావిలోకి దిగి చూస్తారు. ఆ కప్పు క్రిందనే, టోర్నడో విశేషాల సరసన, ఉల్కాశిల తిరిగి కొలువుదీరింది.