కోకో గోదాంలో శాంతివాదుల పార్టీ

ఆమ్‌స్టర్‌డామ్ తూర్పు రేవుల్లో, క్రూకియస్‌వెహ్ వీధిలోని 31వ నంబరు భవనం ఒకప్పటి కోకో గోదాం. బస్తాలు పేర్చిన అంతస్తుల్లో ఇప్పుడు దస్తావేజుల పెట్టెలున్నాయి. 1935లో మొదలైన అంతర్జాతీయ సామాజిక చరిత్ర సంస్థ ఇదే. మార్క్స్, ఎంగెల్స్ రాతప్రతులకు ఇది పేరుపొందింది. అదే కప్పు కింద పసిఫిస్ట్ సోషలిస్ట్ పార్టీ అనే ఓ చిన్న పార్టీ బతుకంతా భద్రంగా ఉంది. డచ్చివారికి అది పీఎస్‌పీ.

పార్టీ పుట్టింది 1957లో. అంతకు ముందు ఏడే సూయెజ్ మీద దాడి జరిగింది, బుడాపెస్ట్‌లోకి సోవియట్ ట్యాంకులు దిగాయి. డచ్ లేబర్ పార్టీ నాటో పక్షం, కమ్యూనిస్టులు మాస్కో పక్షం. ఇద్దరి బాంబులూ వద్దనే సోషలిస్టులకు ఓటు వేయడానికి గుర్తే లేకపోయింది. ‘అణుబాంబు లేని సోషలిజం’ అంటూ పీఎస్‌పీ ఆ ఖాళీలో నిలబడింది. ఎదుటివాడు ఆయుధం దించేదాకా ఆగక్కర్లేదు, మనమే ముందు దించుదాం అన్నది దాని వాదం. సుమారు 1.8 శాతం ఓట్లతో 1959లో రెండు సీట్లు వచ్చాయి. డచ్ పార్లమెంటు దిగువ సభలోని 150 సీట్లనూ దేశం మొత్తం ఓట్ల దామాషాలో పంచుతారు కాబట్టే ఇంత చిన్న గొంతుకూ చోటు దొరికింది. 1963లో నాలుగు గెలిచింది. అంతకు మించి ఎన్నడూ గెలవలేదు.

1971 ఎన్నికల పోస్టర్ మాత్రం సీట్ల లెక్కకు అందనంత పేరు తెచ్చుకుంది. పచ్చిక బయలు, ఒక ఆవు, ముందు చేతులు చాచి నిలుచున్న నగ్న యువతి. నిరాయుధమైన మనిషిని ఇంతకన్నా సూటిగా చూపడం కష్టం.

పార్టీని లోపల నలిపిన ప్రశ్న వేరు: వియత్నాం రైతు తుపాకీ పడితే శాంతివాది ఏమనాలి? సంఘీభావం, అహింస రెండూ ప్రాణమే అయినవారికి ఆ వాదన తెగలేదు. ఈ చిక్కు పార్టీకన్నా పాతది. మొదటి ప్రపంచ యుద్ధానికి సైనికులను చేర్పించినందుకు డచ్ శాంతివాది బార్ట్ డి లిఖ్ట్ గాంధీజీని నిలదీశాడు. 1928లో ‘యంగ్ ఇండియా’లో గాంధీజీ జవాబిచ్చారు. డి లిఖ్ట్ కాగితాలూ ఈ గోదాంలోనే ఉన్నాయి.

1981లో ఆమ్‌స్టర్‌డామ్, 1983లో హేగ్ వీధులు అమెరికా క్షిపణులు వద్దంటూ లక్షల జనంతో నిండాయి. అయినా 1986లో పార్టీకి దక్కింది ఒక్క సీటే. 1989లో మరో మూడు చిన్న పార్టీలతో కలిసి గ్రోన్‌లింక్స్ కూటమిగా పోటీచేసి, 1991లో పీఎస్‌పీ రద్దయింది.

ఈ కాగితాలు చూడటానికి సంస్థ రీడింగ్ రూంలో కూర్చోవాలంటే ముందుగా పేరు నమోదు చేసుకుని, కావలసిన పెట్టెలు అడగాలి. కేటలాగు ఇంటి నుంచే చూసుకోవచ్చు. పోస్టర్ల మీద ఆసక్తి ఉంటే వెతుకులాట ఆ కేటలాగు నుంచే మొదలుపెట్టడం మేలు.