ట్రింగ్ ట్రింగ్... లెక్కల పాఠం!

బడికి తాళం. ఇంట్లో కంప్యూటర్ లేదు, ఇంటర్నెట్ లేదు. అయినా ఆ పిల్లలు కూడికలూ తీసివేతలూ నేర్చుకున్నారు. ఎలాగంటే... అమ్మ దగ్గరున్న మామూలు ఫోన్లో!

ఫోన్ మోగింది. అమ్మ ఎత్తింది. అవతల టీచరు. కుశల ప్రశ్నలయ్యాక 'పిల్లాణ్ని పిలిచి స్పీకర్ ఆన్ చేయండి' అని అడిగారు. ఇక పాఠం మొదలు. టీచరు లెక్క చెబుతారు. పిల్లాడు చేసి జవాబు చెప్పాలి. తప్పు వస్తే ఎక్కడ తడబడ్డాడో కనుక్కుని మళ్లీ చెబుతారు. పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. మళ్లీ వచ్చే వారమే. 2020లో కరోనాతో బడులు మూతబడినప్పుడు ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో వందల ఇళ్లలో నడిచిన తరగతి గది ఇదే.

ఆ ఏడాది మన ఇళ్లలో ఏం జరిగిందో గుర్తుందిగా! తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు చెప్పారు. చాలా ఇళ్లలో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ కోసం అక్కాతమ్ముళ్లు పోట్లాడుకున్నారు. ఆ ఒక్కటీ లేనివాళ్లు ఎందరో. ప్రపంచం మొత్తమ్మీద 3 నుంచి 17 ఏళ్లలోపు పిల్లల్లో మూడింట రెండొంతుల మందికి, అంటే 130 కోట్ల మందికి ఇంట్లో ఇంటర్నెట్ లేదని అదే ఏడాది యునిసెఫ్ లెక్క తేల్చింది. ఆన్‌లైన్ పాఠం వాళ్లకి అందని ద్రాక్షే.

పాత ఫోనే దిక్కు

బోట్స్‌వానా విస్తీర్ణంలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి రెట్టింపు ఉంటుంది. జనాభా మాత్రం 2022 లెక్కల ప్రకారం సుమారు 23 లక్షలే. ఎక్కువ భాగం కలహారి ఎడారి. విసిరేసినట్టుండే ఊళ్లలోని పిల్లల్ని చేరుకోవడమెలా? యంగ్ లవ్ అనే స్వచ్ఛంద సంస్థకు (ఇప్పుడు దాని పేరు యూత్ ఇంపాక్ట్) ఓ ఆలోచన వచ్చింది. ఇంటర్నెట్ లేకపోయినా మాట్లాడుకునే ఫోన్ చాలా ఇళ్లలో ఉంది కదా! వెంటనే బడుల నుంచి తల్లిదండ్రుల నంబర్లు సేకరించింది. మూడు నుంచి అయిదో తరగతి వరకు చదివే పిల్లలున్న నాలుగున్నర వేల కుటుంబాలను ఎంచుకుని, లాటరీ పద్ధతిలో మూడు జట్లు చేసింది. ఒక జట్టుకి వారానికోసారి ఎస్సెమ్మెస్‌లో లెక్కలు పంపింది. రెండో జట్టుకి ఎస్సెమ్మెస్‌తోపాటు ఫోన్ కాల్ కూడా. మూడో జట్టుకి ఏదీ లేదు.

కొన్నాళ్ల తర్వాత పిల్లలకు ఫోన్లోనే పరీక్ష పెట్టారు. ఎస్సెమ్మెస్ మాత్రమే అందుకున్న పిల్లల్లో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. టీచరు ఫోన్ చేసిన పిల్లలు మాత్రం లెక్కల్లో ముందుకెళ్లారు. ఇంకో మంచి కూడా జరిగింది. పక్కనే కూర్చుని విన్న తల్లిదండ్రులకు తమ బిడ్డకి ఏది వచ్చో ఏది రాదో బాగా తెలిసింది. ఈ ఫలితాలు 2022లో 'నేచర్ హ్యూమన్ బిహేవియర్' పత్రికలో అచ్చయ్యాయి.

మూలం మన దగ్గరే!

ఈ పాఠాలకూ మన దేశానికీ దగ్గరి చుట్టరికమే ఉంది. పిల్లాడు ఏ తరగతిలో ఉన్నాడని కాదు, వాడికి ఎంతవరకు వచ్చని చూసి అక్కడి నుంచి మొదలుపెట్టే పద్ధతిని రూపొందించింది 1990లలో ముంబయి మురికివాడల్లో పని మొదలుపెట్టిన 'ప్రథమ్' సంస్థ. అయిదో తరగతి పిల్లాడికి తీసివేత రాకపోతే భాగహారం జోలికెళ్లరు, తీసివేతే చెబుతారు. 2005 నుంచి వస్తున్న 'అసర్' నివేదికలూ ప్రథమ్‌వే. ఫోన్లో పెట్టిన పరీక్షను ఆ అసర్ ప్రశ్నల ఆధారంగానే తయారుచేశారు.

ఆ తర్వాత మన దేశంతోపాటు నేపాల్, ఫిలిప్పీన్స్, కెన్యా, ఉగాండాల్లో 16 వేల మందికి పైగా పిల్లలతో ఇదే ప్రయోగం చేశారు. అక్కడా మంచి ఫలితాలే వచ్చాయి. స్వచ్ఛంద సంస్థలవాళ్లు చెప్పినా ప్రభుత్వ టీచర్లు చెప్పినా పిల్లలు నేర్చుకున్నారు. అంటే, ఉన్న టీచర్లతోనే ఈ పని చేయించవచ్చన్నమాట.

అలాగని ఫోన్ చేస్తే చాలు, చదువు దానంతటదే వచ్చేస్తుందనుకుంటే పొరపాటే. 2020లోనే సియెర్రా లియోన్‌లో 4,399 మంది పిల్లలతో ఇలాంటి ప్రయత్నం జరిగింది. అక్కడ ఫోన్ పాఠాలతో పిల్లల మార్కులు పెరగలేదు.

బడి తెరిచాక ఇదంతా ఎందుకంటారా? వరదలొస్తే బడికి సెలవు. పనుల కోసం అమ్మానాన్నలు వలస వెళితే పిల్లలూ వెంట వెళ్లాల్సిందే. ఒంట్లో బాగోక నెలల తరబడి ఇంట్లోనే ఉండిపోయే పిల్లలూ ఉంటారు. ఇలా మధ్యలో వదిలేసిన కూడికో తీసివేతో ఆ తర్వాత ప్రతి తరగతిలోనూ వాళ్లని వెనక్కి లాగుతుంది. ఒక్కోసారి చదువే మాన్పించేస్తుంది. అలాంటి ఇంట్లో వారానికోసారి టీచరు ఫోన్ మోగితే 'మనల్ని బడి మర్చిపోలేదు' అన్న ధైర్యం వస్తుంది.

ఆ ఫోన్ టీచరే చేయాలనేముంది? ఊళ్లో ఉన్న అన్నయ్య కూతురో, చెల్లెలి కొడుకో లెక్కలంటే భయపడుతున్నారా? ఈ ఆదివారం ఓ ఇరవై నిమిషాలు ఫోన్ చేసి, ఎంతవరకు వచ్చో అడిగి, అక్కడి నుంచి మొదలుపెట్టి చూడండి!