శస్త్రచికిత్సానంతర శయనభంగిమలు: వ్రణితోపాసనీయం నుండి నులకమంచం వరకు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకం తొలిదశ ప్రారంభమైన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. పెద్ద శస్త్రచికిత్సలు అప్పటినుండి పేద కుటుంబాలకూ చేరువయ్యాయి. గార మండలంలోని శ్రీకూర్మం వంటి గ్రామం నుండి రోగి శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రికో, వంద కిలోమీటర్లకు పైబడిన విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రికో వెళ్ళి, కొద్దిరోజులకే ఇంటికి చేరుతాడు. ఆసుపత్రిలోనిది పిడి తిప్పితే తలవైపు లేచే మంచం. ఇంట్లో ఉండేది నులకమంచం, లేదా నేలమీద చాప. గాయం మానే కాలంలో అధికభాగం గడిచేది ఈ రెండవచోటనే. అయినా ఇంటికి పంపేటప్పుడు మందుల గురించి చెప్పినంతగా పడక గురించి చెప్పడం అరుదు.

ప్రాచీన వైద్యం ఈ విషయాన్ని అంత తేలికగా వదలలేదు. సుశ్రుతసంహిత సూత్రస్థానంలోని 19వ అధ్యాయం, వ్రణితోపాసనీయం, గాయపడినవాడు ఉండవలసిన ఇంటితో మొదలై వెంటనే పడక విషయానికి వస్తుంది. పడక ఇరుకుగా ఉండరాదు, చక్కగా పరచి ఉండాలి, తల తూర్పుదిక్కుగా ఉండాలి. లేచేటప్పుడు, పడుకొనేటప్పుడు, పక్కకు ఒత్తిగిలేటప్పుడు, చివరకు బిగ్గరగా మాట్లాడేటప్పుడు కూడా ఏమరుపాటు లేక గాయాన్ని కాపాడుకోవాలి. పగటినిద్ర వల్ల గాయంలో దురద, వాపు, నొప్పి, స్రావం పెరుగుతాయని కూడా అందులో ఉంది. ఈ కారణాలను నేటి వైద్యం ఇదేరీతిగా అంగీకరించదు. పగటినిద్ర రాత్రినిద్రను చెడగొడుతుందని మాత్రం అంటుంది. తూర్పుదిక్కుకు చెప్పిన కారణం దేవతలకు సంబంధించినది. కదలికలో జాగ్రత్తకు చెప్పిన కారణం మాత్రం శుద్ధ శరీరశాస్త్రం. రెండింటినీ ఒకే గాటన కట్టడం ఆ గ్రంథానికి న్యాయం చేయదు.

ఆధునిక శస్త్రవైద్యంలో భంగిమకు ప్రాధాన్యం తెచ్చినవారిలో అమెరికా వైద్యుడు జార్జి రయర్సన్ ఫౌలర్ ముఖ్యుడు. ఉదరకుహరంలో చీముపట్టిన రోగులను తల, మొండెం ఎత్తుగా ఉంచి పడుకోబెట్టడం మేలని ఆయన 1900లో ప్రతిపాదించాడు. ఆ భంగిమ నేటికీ ఆయన పేరుతోనే ఉంది. ఆనాటి ఉద్దేశం చీము కిందికి దిగడం. నేటి ప్రయోజనం వేరు. పూర్తిగా వెల్లకిలా పడుకున్నప్పుడు ఉదరాంగాలు విభాజక పటలాన్ని పైకి నెట్టి ఊపిరితిత్తులలో మిగిలే గాలిని తగ్గిస్తాయి. కుట్లనొప్పికి భయపడి రోగి పైపైనే శ్వాసిస్తే అడుగుభాగాలు ముడుచుకుపోతాయి, కఫం నిలుస్తుంది, న్యుమోనియాకు దారి ఏర్పడుతుంది. తలవైపు 30 నుండి 45 డిగ్రీలు ఎత్తితే ఈ భారం తగ్గుతుంది. మోకాళ్ళు కొద్దిగా వంచితే పొట్టకండరాల బిగువు సడలుతుంది. అయితే మోకాళ్ళ కింద గట్టి దిండు గంటలకొద్దీ ఉంచితే పిక్కల సిరలలో రక్తం నిలిచి గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒక కాలి పిక్క వాచి నొప్పిపుట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా అది భంగిమ మార్చి సరిపెట్టుకొనే విషయం కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

శస్త్రచికిత్సను బట్టి నియమం మారుతుంది. రొమ్ముఎముక కోసి చేసే గుండె శస్త్రచికిత్స తరువాత ఎముక అతుక్కోవడానికి 6 నుండి 12 వారాలు పడుతుంది. ఆ కాలంలో చేతులమీద బరువు మోపి లేవరాదు. తుంటికీలు మార్పిడి వెనుకవైపునుండి జరిగితే కాళ్ళు ఒకదానిపై ఒకటి వేయకుండా మధ్య దిండు ఉంచమంటారు. మోకాలిచిప్ప మార్పిడిలో మోకాలి కింద దిండే పెట్టవద్దంటారు, లేకుంటే కాలు వంగినట్లే బిగిసిపోతుంది. ఒకే దిండు ఒకరికి మందు, మరొకరికి కీడు.

ఇక నులకమంచం విషయం. నులక వదులైతే నడుము గుంటలో దిగుతుంది. అందులోంచి ఒత్తిగిలాలంటే పొట్టకండరాలనే వాడక తప్పదు. కాళ్ళవైపు తాళ్ళు బిగించి, పైన మందపాటి బొంత పరచడం మొదటి పని. తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టడం చాలామంది చేసే పని. దానివల్ల మంచం మొత్తం ఏటవాలవుతుందే గాని నడుము దగ్గర వంపు రాదు. రోగి కిందికి జారుతాడు, వీపుచర్మం ఒరుసుకుంటుంది. వీపు వెనుక బొంతలు, దిండ్లు మెట్లుగా పేర్చడమే మేలు. నేలపై చాప తుంటి, మోకాలి శస్త్రచికిత్సల తరువాత పనికిరాదు. అక్కడినుండి లేవడానికి తుంటి అతిగా వంగవలసి వస్తుంది.

లేవడానికీ ఒక పద్ధతి ఉంది. పొట్టకోత గలవారు మోకాళ్ళు మడిచి, భుజాలు, నడుము ఒక్కటిగా దొర్లి పక్కకు తిరగాలి. కాళ్ళు మంచం దించుతూ అదే సమయంలో మోచేతితో పైకి లేవాలి. దగ్గు వస్తే గాయానికి దిండు అదిమిపట్టాలి. రొమ్ముకోత గలవారికి మోచేతి ఆసరా బదులు మరొకరి సాయం కావాలి.

ఉత్తరదిక్కుకు తలపెట్టరాదన్న పట్టింపు తెలుగునాట బలమైనది. శ్రీకూర్మనాథుడు పశ్చిమముఖుడై ఉన్నా ఊరిలో ఇళ్ళ పట్టింపులు మారలేదు. ఈ నియమం వల్ల హాని లేదు. దిక్కు కుదరడం కోసం మంచాన్ని గోడకు చేర్చి, రోగి కోతపడిన వైపునుండే దిగవలసి వచ్చినప్పుడు మాత్రం చిక్కు. తల తూర్పుకు ఉంచినా దక్షిణానికి ఉంచినా, నొప్పిలేని పక్క గదిలోకి తెరచి ఉండేటట్లు మంచాన్ని గోడనుండి మూరెడు జరిపితే పట్టింపూ నిలుస్తుంది, కుట్లూ నిలుస్తాయి.