పేరు తెలియని విమానం

మీ అబ్బాయి రేడియో కంట్రోలు విమానం ఒకటి, ఎవరో వాడి వదిలేసినది, బేరమాడి కొనుక్కువచ్చాడనుకోండి. పెట్టె లేదు, కాగితాలు లేవు, పేరైనా లేదు. "భేషుగ్గా ఎగురుతుంది" అని అమ్మినవాడి మాట ఒక్కటే హామీ. సాయంత్రమే మైదానానికి పోతానంటాడు. పోనివ్వకండి. తూకం చూడకుండా ఎగురవేస్తే, దాచుకున్న డబ్బు పది సెకండ్లలో పుల్లలైపోవచ్చు. ఎవరి నెత్తిమీదనైనా పడితే ఆ సంగతి వేరే చెప్పాలా!

ముందు పేరు వెదకాలి. పేరు తెలిస్తే ప్లాను దొరకవచ్చు; తూకం ఎక్కడ నిలవాలో అందులో గుర్తు వుంటుంది. టేపు పట్టుకొని రెక్కను ఈ కొసనుంచి ఆ కొసకు కొలవండి. అమెరికాలో కార్ల్ గోల్డ్‌బర్గ్ కంపెనీవారు అమ్మిన 'ఫాల్కన్ 56'కు రెక్క పొడవు 56 అంగుళాలు. అలాగని పేరులోని అంకె ప్రతిసారీ కొలతే అనుకోకూడదు. గ్రేట్ ప్లేన్స్ వారి 'పి.టి. 40'లో 40 ఇంజను సైజు: ఘనపుటంగుళంలో నూటికి నలభై వంతులు, అంటే సుమారు 6.5 సి.సి. రెక్క విప్పి పొట్టలోకి కూడా తొంగిచూడండి. కర్రముక్కలమీద అచ్చు నంబర్లు ఒక్కొక్కప్పుడు కనబడతాయి.

పేరు దొరికినా, చేతులు మారిన విమానాన్ని నమ్మడానికి వీల్లేదు. ఒకరు విరిగిన తోకకు ఇంత జిగురు పోసివుంటారు. మరొకరు ఇంజను పీకి కరెంటు మోటారు బిగించివుంటారు. ప్లానులో గుర్తు వున్నచోటనే వుంటుంది, విమానం మాత్రం అక్కడ నిలవదు.

పేరు దొరకకపోయినా బెంగలేదు, రెక్కే చెబుతుంది. రెక్క ముందూ తోక వెనకా వుండే మామూలు విమానానికి, ముందంచునుంచి రెక్క వెడల్పులో పావువంతుకూ మూడోవంతుకూ మధ్య తూకం నిలవాలి. పది అంగుళాల వెడల్పయితే రెండున్నర అంగుళాల దగ్గర పెన్సిలుగీత గీసి మొదలుపెట్టడం క్షేమం. (ఇది తిన్నని రెక్క సంగతి, కొసలు సన్నబడితే సగటు వెడల్పు కట్టాలి.) బ్యాటరీ లోపల పెట్టి, ఇంధనం టాంకు వుంటే ఖాళీచేసి, రెండు వైపులా గీతలకింద వేళ్ళు ఆనించి ఎత్తండి. సమంగా నిలవాలి, లేదా ముక్కు కొంచెం వాలాలి.

గాలిపటానికి తోక ఎంత వుంటే అంత మేలేమో గాని, ఇక్కడ తోకబరువే యమపాశం. ముక్కుబరువు విమానం మొండిగానైనా మాట వింటుంది. తోకబరువుది ముక్కు పైకెత్తి, గాలిలో పట్టుతప్పి, గిరగిర తిరిగి కూలుతుంది.

సవరణకు మొదట బ్యాటరీని ముందుకు జరపండి. చాలకపోతేనే సీసం. కావడి మోసినవాడికి ఈ లెక్క చెప్పనక్కరలేదు: గీతకు తోక 24 అంగుళాల వెనకా, ముక్కు 8 అంగుళాల ముందూ వుంటే, తోకలోని 10 గ్రాముల జిగురుకు ముక్కులో 30 గ్రాముల సీసం కావాలి. అందుచేత తోకలో గీకివేయగలిగింది గీకివేయడమే లాభం. సీసాన్ని మరమేకుతో గట్టిగా బిగించి చేతులు కడుక్కోండి. పాత లిథియం బ్యాటరీ ఉబ్బివుంటే దానిమీద ఆశ వదులుకోవలసిందే, అది అంటుకుంటుంది.

ఇక పక్కల తూకం. ముక్కునొకరూ తోకనొకరూ వేలిమీద ఆనించి చూస్తే ఏదో ఒక రెక్క వాలుతుంది. రెండో రెక్క కొసన చిన్న మేకు గుచ్చితే సరిపోతుంది.