చింతపండు బేరంలో గింజ లెక్క

జోగిపేట: చింతపండు బేరం దగ్గర ఖరీదుదారు మొదట చూసేది గుజ్జు రంగు. అయితే లాభనష్టాలను తేల్చేది చాలాసార్లు గింజయే.

ఈ ప్రాంతంలో చింత ఎక్కువగా పొలం గట్ల మీద, ఊరి చివర పెరిగే చెట్టు. చెట్టు మీది కాయను చూసి గుత్తకు మాట్లాడుకునే ఆనవాయితీ ఉంది. కాపు ఒక ఏడు విరగకాసి, మరుసటి ఏడు పలచబడటం మామూలే. కనుక అంచనా తప్పితే నష్టం గుత్తదారుదే.

కాయ బరువులో సుమారు 55 శాతం గుజ్జు, 34 శాతం గింజ, మిగిలిన 11 శాతం పెంకు, ఈనెలు. అంటే పెంకు తీసిన సరుకు 100 కిలోలలో గుజ్జు 62 కిలోలు, గింజ 38 కిలోలు.

గిరిజనులు సేకరించే అటవీ ఫలసాయానికి కేంద్రం 2020లో సవరించిన మద్దతు ధరలు గింజతో కిలో రు. 36, గింజ తీసినది రు. 63. గట్ల మీది కాయకు అవి వర్తించకపోయినా కొలబద్దగా పనికివస్తాయి. ఆ లెక్కన 100 కిలోల గింజ సరుకు ఖరీదు రు. 3,600. గుజ్జుకు వచ్చేది రు. 3,906. తేడా రు. 306 మాత్రమే. కొట్టే ఆడవారి కూలి, తరుగు, సంచులు, రవాణా అందులోనే సర్దుకోవాలి. గింజ కిలోకు ఒక్క రూపాయి హెచ్చితే రు. 38 అదనంగా చేరుతుంది.

గింజ పైపొట్టు తీసి విసరిన పొడిని నూలుకు, జనపనారకు గంజిగా, బట్టల అద్దకంలో చిక్కదనానికి వాడతారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ధాన్యపు గంజికి బదులుగా ఇది వాడుకలోకి వచ్చింది. తడిసిన గింజకు, పురుగు పట్టిన గింజకు మిల్లులలో గిరాకీ ఉండదు.

గుజ్జు సంగతి వేరు. వానాకాలపు చెమ్మ తగిలితే నల్లబడి ధర పడిపోతుంది. అందుకే నిలువ సరుకు శీతల గిడ్డంగులకు చేరుతుంది. ఎండు చింతపండుపై 5 శాతం జి.ఎస్.టి.ని 2019 అక్టోబరు 1 నుంచి తొలగించడం వర్తకులకు కొంత ఊరట. గిడ్డంగి అద్దె, వడ్డీ మాత్రం నెలనెలా పెరిగేవే.

రంగు చూసి గుజ్జు కొన్నవారు గింజను కూడా ఆరబెట్టి, తూకం వేసి, వేరుగా పద్దు రాసుకుంటేనే బేరం గిట్టుబాటవుతుంది.